ముప్పై మూడు రోజులు

 

తెనాలివాళ్లకు సినిమా హాలు గురించి ఒకరు చెప్పాల్సిన పని లేదు. అయినా ఈ సాయంత్రం ఒక హాలుతోనే మొదలుపెట్టాలి. 1991 జూలై 4న ఈ ఊళ్లో సినిమా చూస్తున్న ఒక దళిత కుర్రాడి కాలు ముందు సీట్లో ఉన్న పైకులం అబ్బాయికి తగిలింది. ఇద్దరిదీ దగ్గర్లోని చుండూరు గ్రామమే. కాలు తగలడం, మాటామాటా పెరగడం హాల్లో రోజూ ఉండేవే. కానీ ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపేశారు. కొందరి శవాలను గోనె సంచుల్లో కుక్కి తుంగభద్ర డ్రెయిన్లో పడేశారు.

ఆ తేదీకీ ఈ తేదీకీ మధ్య ముప్పై మూడు రోజులు. నా మాటలన్నీ ఆ రోజుల గురించే.

అవి చీకట్లో గడిచిన రోజులు కావు. దళితులను వెలివేశారు, పొలం పనులకు పిలవడం మానేశారు. 144 సెక్షన్ పెట్టారు, పోలీసు పికెట్ వేశారు. గొడవ ముదురుతోందని ఊరికీ తెలుసు, అధికారులకూ తెలుసు. అయినా ఆపగలిగినంత బలంగా ఏ చేయీ అడ్డం పడలేదు. తర్వాత ఆ కుటుంబాలు పట్టుబట్టి చుండూరులోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నాయి. 2007 జూలై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు ఆ శిక్షలు కొట్టేసింది. పదహారేళ్లు ఎదురుచూసి గెలిచిన తీర్పు చేతిలో నిలవలేదు. అందుకే, నెత్తురు పడకముందటి రోజులే మన చేతిలో ఉన్నవని నేను అంటాను.

ఆ రోజుల్లో ఏం చేయొచ్చో చూపే ఉదాహరణ ఒకటుంది. క్షయ, కలరా మీద పనిచేసిన గేరీ స్లట్కిన్ అనే డాక్టరు 2000లో షికాగోలో ఒక ప్రయత్నం మొదలుపెట్టాడు. హింస అంటువ్యాధిలా పాకుతుంది, ఒక దెబ్బకు బదులుగా ఇంకో దెబ్బ పుడుతుంది అన్నాడు. ఆ వీధుల్లో పుట్టి పెరిగి, ఆ కుర్రాళ్లు మాట వినే మనుషులనే జీతమిచ్చి తిప్పాడు. పగ రగులుతోందని తెలిసిన రాత్రే వాళ్లు ఆ ఇంటికి వెళ్లేవారు.

అలాంటి మనిషిని నేను మన రేపల్లె పాసింజర్లో చూశాను. రిటైరు కాకముందు రోజూ అందులోనే తెనాలి వచ్చేవాణ్ణి. ఒక సోమవారం, భట్టిప్రోలు దాటాక, ఇద్దరు ఇంటర్ కుర్రాళ్లు ఫోన్లో వచ్చిన వీడియో మీద కాలర్లు పట్టుకున్నారు. జామకాయల గంప ఉన్న ఒకావిడ లేచి, గంప తెచ్చి సరిగ్గా వాళ్ల కాళ్ల మధ్య దించి, తానూ అక్కడే చతికిలబడింది. "నా కాయలు తొక్కారంటే ఊరుకోను నాయనా, వెనక్కి జరగండి" అంది. జరిగారు. దిగేముందు నా దగ్గరకొచ్చి, "మేష్టారూ, రైల్లో ఆగింది గానీ దిగాక ఆగదండీ. మీ మాటైతే వింటారు, ఇళ్లకెళ్లండి" అని చెప్పింది.

వెళ్లాను. ఒకడి తండ్రి తాగి పడిపోయినప్పుడు తీసిన వీడియో అది. తీసింది ఆ రెండోవాడు కాదు, మూడోవాడు. ఈ సంగతి తెలియడానికే రెండు సాయంత్రాలు పట్టింది. మూడో సాయంత్రం ఆ వీడియో తీసినవాడి తల్లి నా ఎదుటే వాడిచేత వీడియో తీసేయించి, వాణ్ణి వెంటబెట్టుకుని ఆ తండ్రి దగ్గరకు తీసుకువెళ్లింది.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఇది రాజీ కాదు. మన ఊళ్లలో రాజీ అంటే బలహీనుణ్ణి పిలిచి "సర్దుకుపో" అనడమే. పెద్దమనిషి నడవాల్సింది బలమున్నవాడి గుమ్మానికి. 2023 జూన్‌లో మన పక్కనే ఉన్న బాపట్ల జిల్లాలో, అక్కను వేధిస్తున్నవాణ్ణి ప్రశ్నించినందుకు పదో తరగతి పిల్లవాణ్ణి పెట్రోలు పోసి తగలబెట్టారు. ఆ ప్రశ్న అడగాల్సింది ఆ పసివాడా? మనం కాదా?

దెబ్బతో దారికొస్తారనేవాళ్లూ ఉన్నారు. తెనాలి నడిరోడ్డు మీద పోలీసులు కుర్రాళ్లను అరికాళ్ల మీద కొట్టిన వీడియో 2025 మేలో దేశమంతా చూసింది. ఆ కుర్రాళ్ల మీద ఏ కేసైనా ఉండనివ్వండి, చట్టం చేతిలో ఉన్నవాళ్లే నడివీధిలో లాఠీ ఎత్తితే చుట్టూ నిలబడి చూసిన పిల్లలు నేర్చుకునేది లాఠీనే.

నాకు ఇప్పుడు కావలసినవి పేర్లు. తెనాలిలో, బాపట్లలో, రేపల్లెలో కాలేజీ వదిలే వేళకు ఒక గంట గేటు దగ్గర, స్టేషన్లో నిలబడగలవాళ్లు కావాలి. ఆటో డ్రైవర్లు, టీ కొట్టువాళ్లు, గంప దించే అమ్మలు ఉంటే మరీ మంచిది, పిల్లల తగాదా మొదట తెలిసేది వాళ్లకే. బల్ల మీద పుస్తకం పెట్టాం. మొదటి గీత మీద నా పేరు రాశాను, రేపల్లె స్టేషన్, సాయంత్రం పూట. రెండో గీత ఖాళీగా ఉంది.