వడలు తెగులుకు లొంగని అరటి

మట్టిలో దశాబ్దములు దాగియుండి, వేళ్లగుండ చొరబడి, నీరు పైకెక్కు నాళములను మూసి, పచ్చని చెట్టును నిలువునా వడలజేయు ఫ్యుజేరియమ్ శిలీంధ్రమునకు సరియైన ఔషధము లేదు. అమెరికా ఖండపు తోటలలో గ్రో మిషెల్ అను మేలి అరటిజాతి దీనివలననే 1960 ప్రాంతమున వ్యాపారమునుండి తొలగిపోగా, దాని స్థానమున నిలిచిన కావెండిష్ సయితము నేడు ఆ శిలీంధ్రపు మరియొక తెగకు లొంగుచున్నది.

కావున తెగులుకు లొంగని రకమును సాధించుటయే దారి. కాని మనము తిను అరటికి విత్తనము లేదు. పిలకలే దాని సంతతి. కాన సంకరము మిక్కిలి దుష్కరము. అయినను హోండురాస్ శాస్త్రజ్ఞులు వేలకొలది పూవులకు చేతితో పుప్పొడి నద్ది, పండిన గెలల గుజ్జును జల్లెడపట్టి, చిక్కిన కొలది గింజలనుండియే తెగులునోర్చు రకములను సాధించిరి. ఆ ఓర్పు నా దృష్టిలో పరమ పూజ్యము! ఇక ఆస్ట్రేలియాలో, అడవి అరటినుండి గ్రహించిన జన్యువును కావెండిష్‌లో చేర్చి రూపొందించిన రకమునకు 2024లో ప్రభుత్వానుమతి లభించినది.