పాత తుపాకి చెప్పు సాక్ష్యము

(ఒక పఠనమందిరమున చేసిన ఉపన్యాసము)



గ్రంథాలయోద్యమ సేవకులమైన మేము తుపాకిని గూర్చి ప్రసంగింప బూనుట మీలో కొందరికి వింతగా తోచవచ్చును. మేము వృత్తిచే న్యాయవాదులము. కోర్టులో బల్లమీద నుంచిన తుపాకి మాకు సాక్ష్యముగనే కనుపడును. సేనలు విసర్జించిన పాత రైఫిళ్ళను సేకరించి, బాగుచేసి, వానికి తూటాలను స్వయముగా కూర్చుకొని గురిచూచి కాల్చుట ఇంగ్లండు, అమెరికా, కెనడా దేశములలో అనేకులకు ప్రియమైన వ్యాసంగము. ఆ వ్యాసంగమునుండి మనము నేర్వదగినది కలదని చెప్పుటకే నేడు మీ యెదుట నిలిచితిమి.

లీ-ఎన్‌ఫీల్డు రైఫిలును ఉదాహరణముగా గైకొందము. మన ఠాణాలలో "త్రీ నాట్ త్రీ" యని పేరొందినది ఇదియే. స్కాట్లండున పుట్టి కెనడాలో పెరిగిన జేమ్సు పారిస్ లీ దీని గడియను, తూటాల పెట్టెను కల్పించెను. 1907లో సైన్యమునకు అంగీకృతమైన మూడవ నమూనా పది తూటాలు పట్టునది. రెండు ప్రపంచ యుద్ధములందును మన సిపాయిలు దీనినే మోసిరి. వంగదేశమున హుగ్లీ తీరమందలి ఇషాపూరు కర్మాగారమున ఇది తయారయ్యెను. 1857 మార్చి 29న మంగళ పాండే తిరుగబడిన బారక్‌పూరు అచటికి సమీపమే. నాటి కలహమునకు కారణమైన కొవ్వు పూసిన తూటాయు ఎన్‌ఫీల్డు తుపాకిదే.

ఇట్టి తుపాకిని కాపాడుటకు జ్ఞానము కావలెను. పాత తూటాల అడుగుననుండు టోపీలోని మందు కాలినపిదప గొట్టమున ఒక ఉప్పు మిగులును. అది గాలిలోని తేమను పీల్చి ఉక్కును తినివేయును. నూనె దానిని కరిగింపజాలదు, నీరు కరిగించును. అందుచే నాటి సిపాయిలు కాల్పులు ముగియగనే గొట్టమున మరిగిన నీరు పోసి, తడి లేకుండ తుడిచి, పిదప నూనె పూసెడివారు. ఈ చిన్న సంగతి నెరుగక ఎన్ని గొట్టములు చెడిపోయినవో!

తూటాలను స్వయముగా కూర్చువారి ఓర్పు అంతకు మించినది. ఈ తుపాకి గడియ వెనుకభాగమున బిగియును. గొట్టపు మొదటనుండు గది కొంత వదులు. అందువలన ఇత్తడి గుల్ల ప్రతి కాల్పునకును సాగి, అడుగునకు కొంచెము పైని పలుచబడును. అజాగ్రత్తగా మరల మరల వాడినచో అచటనే తెగును. కావున ఎరిగినవారు గుల్ల మెడను మాత్రమే సరిదిద్ది, ఏ తుపాకిలో కాలినదానిని ఆ తుపాకికే యుంచి, మందును తూచి పోసి, ప్రతి గుల్లను పరీక్షింతురు. తొందరపాటునకు ఈ పనిలో క్షమ లేదు.

ఇక బాగుచేయుట. తెలియనివాడు కర్రను గరుకు కాగితముతో రుద్ది, ఉక్కునకు క్రొత్త రంగు వేసి, మెరయుచున్నదని మురియును. తెలిసినవాడు మురికిని మెల్లగా తీసి, కర్రకు అవిసెనూనె పట్టించి, ముద్రలను, అంకెలను తాకకుండ విడుచును. అవి దస్తావేజుమీది సంతకముల వంటివి. కొన్ని ఇషాపూరు రైఫిళ్ళ ముందుకర్రకు రాగితీగ చుట్టబడియుండును. గ్రెనేడులను ప్రయోగించునపుడు కర్ర చీలకుండుటకై చేసిన యేర్పాటది. అందము కొరకై ఆ తీగ విప్పినవాడు దస్తావేజును దిద్దినవాడే. మరికొన్నిటిని నునుపు గొట్టము గలవానిగా మార్చి, తూటాల పెట్టెను కర్రముక్కతో పూడ్చి, ఒక్కొక్క తూటాయే పేలునట్లు చేసి, పోలీసులకును కావలివారికిని ఇచ్చిరి. పరప్రభుత్వమునకు తన కావలివానియందు గల నమ్మకమెంతయో ఆ కర్రముక్క చెప్పుచున్నది.

1878 నాటి ఆయుధ చట్టము భారతీయుని లైసెన్సు కోరునట్లు చేయగా, యూరోపియనునకు మినహాయింపు దొరకెను. 1887లో మద్రాసు కాంగ్రెసు ఆ చట్టమును సవరింపుమని కోరెను. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలనుండి తుపాకులను, తూటాలను గైకొనెను. ఆ తుపాకులలో ఒక్కటి నేడు దొరకినయెడల దాని గీతలను, ముద్రలను అరగదీసి మెరుగు పెట్టుటకు మీలో ఎవరైన ఒప్పుకొందురా?

స్వాతంత్ర్యానంతరము, 1962 చైనా యుద్ధము పిదప, అదే ఇషాపూరులో గట్టి ఉక్కుతో 7.62 మిల్లీమీటర్ల తూటాకు అనువుగా ఈ రైఫిలును మన కొరకు మనమే చేసికొంటిమి. 2020 జనవరి 26న ఉత్తరప్రదేశ్ పోలీసులు త్రీ నాట్ త్రీకి వీడ్కోలు చెప్పిరి. సెలవు పొందిన ఆయుధములు కొలిమికి పోయినచో, వానితోబాటు మన చరిత్ర పుటలును కాలును.

మీరు ఇండ్లలో తుపాకులు బాగుచేయుడని మేము చెప్పుటలేదు. 1959 నాటి చట్టము ప్రకారము లైసెన్సు లేక తూటాలు చేయుట, తుపాకిని మరమ్మతు చేయుట నేరము. త్రీ నాట్ త్రీ నిషిద్ధ కొలతలలోనిది. మేము కోరునది రెండే. ప్రతి రకమునకు కొన్నిటిని పేలకుండ చేసి, ముద్రలు చెడకుండ, ఏ ఠాణాది ఎప్పటిదను వివరముతో ప్రదర్శనశాలలయందుంచవలెను. వీనిని యేండ్ల తరబడి కాపాడిన ఆయుధశాలల పనివారు వృద్ధులగుచున్నారు. వారి చేతిలోని విద్యను వారిచేతనే చెప్పించి వ్రాసికొనవలెను. రెండవపనికి ప్రభుత్వోత్తరువు అక్కరలేదు, ఒక కలము, ఒక పుస్తకము చాలును. మన పఠనమందిరములు ఆ పనికి పూనుకొనుగాక యని ప్రార్థించుచు విరమించుచున్నాము.