మన ఊరి బాట యెవరిది?



ప్రసవవేదనలోనున్న స్త్రీని డోలీలో మోసికొనిపోవు పల్లెలు నేటికిని మన కొండలలో కలవు. బాట లేదని రచ్చబండపై వగచుటకు ముందు, అది యెవరి యధీనమో యెరుగవలయును. కొన్ని బాటలు పంచాయతీరాజ్ శాఖవి, కొన్ని రోడ్లు భవనముల శాఖవి. ఒకరికి చేరవలసిన అర్జీ వేరొకరి బల్లపై యేండ్లు నిద్రించును.

ఇరువురును మాది కాదన్నచో, 2005 నాటి సమాచారహక్కు చట్టము కలదు. బాట యే శాఖ దస్తరములోనున్నది, ఎంత సొమ్ము మంజూరైనది, గుత్త యెవరిది యని వ్రాసి యడుగుడు. 30 దినములలో బదులీయవలయును. ఈయనిచో పైయధికారికి అప్పీలు కలదు. ఏల యడుగుచున్నారని ప్రశ్నించు హక్కు వారికి లేదు. ఈ సంగతి మనవారిలో పెక్కుమందికి తెలియదు!

2000 డిసెంబరులో నారంభమైన ప్రధానమంత్రి గ్రామసడక్ యోజన, 2001 జనాభాలెక్కల చొప్పున మైదానములందు 500 మంది, కొండలందు 250 మంది గల నివాసములను లక్ష్యముగా గొనెను. కావున జనసంఖ్య తెలుపు కాగితము చేతనుండవలయును.

బస్సు సంగతి వేరు. డిపో మేనేజరునకు మన గోడు చాలదు, ప్రయాణికుల లెక్క కావలయును. బడికి, సంతకు, ఆసుపత్రికి ఏ వేళ నెందరు పోవుదురో వారము దినములు వ్రాయుడు. ఆడువారిని గూడ నడుగుడు; వారి ప్రయాణములు రచ్చబండకు తెలియవు. గ్రామసభ తీర్మానము జతపరచి, నకలుపై కచేరీ ముద్ర వేయించుకొనుడు.