తొమ్మిదో అంతస్తు

ఇవాళ పట్టాలు పుచ్చుకుంటున్న ఇంజనీర్లారా!

అమెరికా పారిశ్రామిక చరిత్ర అనగానే రాక్‌ఫెల్లర్ చమురు, కార్నెగీ ఉక్కు, ఫోర్డు కార్లు గుర్తొస్తాయి. వాటి గురించి మీకు చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. నేను ఒక బట్టల ఫ్యాక్టరీ గురించి చెబుతాను.

1911 మార్చి 25, శనివారం సాయంత్రం. న్యూయార్క్‌లో పదంతస్తుల యాష్ భవనం. పై మూడు అంతస్తులూ ఆడవాళ్ల జాకెట్లు కుట్టే ట్రయాంగిల్ కంపెనీవి. కుట్టేది ఎక్కువగా యూదు, ఇటలీ వలస కుటుంబాల ఆడపిల్లలు. మీకంటే చిన్నవాళ్లు చాలామంది. ఇంకాసేపట్లో ఇళ్లకు వెళ్తారనగా ఎనిమిదో అంతస్తులో బల్లల కింద పోగుపడిన గుడ్డపీలికలు అంటుకున్నాయి. అక్కణ్ణుంచి పదో అంతస్తు ఆఫీసుకు ఫోన్ వెళ్లింది. యజమానులు డాబా ఎక్కి, పక్క భవనంలోకి దాటి బతికిపోయారు. మధ్యనున్న తొమ్మిదో అంతస్తుకు ఎవరూ కబురు చెప్పలేదు. మంటలు చేరాకే తెలిసింది. ఒకవైపు మెట్ల తలుపుకు తాళం. గుడ్డలు ఎత్తుకుపోతారేమోనని అందర్నీ ఒకే దారిన పంపి, సంచులు వెతికేవారు మరి! బయటి ఇనుప మెట్లు జనం బరువుకు కూలిపోయాయి. ఫైరింజన్ నిచ్చెనలు ఆరో అంతస్తు దాకానే అందాయి. 146 మంది పోయారు. భవనం మాత్రం నిలిచింది. అది నిప్పుకు తట్టుకునేలా కట్టిన భవనమని అప్పటికే పేరు.

యజమానులిద్దరి మీదా కేసు నడిచింది. తలుపుకు తాళం ఉందని ఆ సమయంలో వాళ్లకు తెలుసని రుజువు కాలేదంటూ జ్యూరీ ఇద్దర్నీ వదిలేసింది. 1913లో వాళ్లలో ఒకాయన పనివేళల్లో మళ్లీ తలుపుకు తాళం వేయించి దొరికాడు. జరిమానా 20 డాలర్లు!

కిటికీల్లోంచి దూకుతున్న ఆ పిల్లల్ని వీధిలో నిలబడి చూసినవాళ్లలో ఫ్రాన్సెస్ పెర్కిన్స్ ఒకరు. తర్వాత రాష్ట్ర విచారణ సంఘంతో కలిసి పనిచేస్తూ, శాసనసభ్యుల్ని ఫ్యాక్టరీలకు తీసుకెళ్లి కళ్లారా చూపించారు. 1933లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఆమెను కార్మిక మంత్రిని చేశారు. అమెరికా కేబినెట్‌లో తొలి మహిళ ఆమే. 1935 సామాజిక భద్రత చట్టం, 1938 కనీస వేతన చట్టం ఆమె హయాంలో వచ్చినవే. ఇదంతా రూజ్‌వెల్ట్ చలవేనంటే నేను ఒప్పుకోను. ట్రయాంగిల్ అమ్మాయిలు 1909లోనే సమ్మెకు దిగారు. అప్పుడు వాళ్ల మాట వినిపించుకుని ఉంటే అంతమంది చావవలసిన పనే లేదు.

ఆ భవనం ఇప్పటికీ ఉంది. న్యూయార్క్ విశ్వవిద్యాలయం అందులో సైన్సు ల్యాబులు నడుపుతోంది. ఎమ్మెస్‌కు అటు వెళ్లేవాళ్లు ఒకసారి చూడండి. ఇక్కడే ఉద్యోగాల్లో చేరేవాళ్లను ఒకటే కోరుతున్నాను: సేఫ్టీ సర్టిఫికెట్ మీ ముందు పెట్టి సంతకం చెయ్యమంటే, ఎంత తొందరపెట్టినా సరే, ముందు ఎమర్జెన్సీ మెట్లన్నీ పైనుంచి కిందిదాకా మీరే దిగి చూడండి.