విద్యార్థుల యేకాగ్రతయు భయమును



మన సంఘము బీదవిద్యార్థులకు వేతనములును వసతియు నొసంగుచున్నది; సంతోషమే. కాని చదువునపుడు బాలుని మనస్సునం దేమి జరుగుచున్నదో విచారించితిమా? మనస్సు ఒక్కమారు పట్టియుంచగల విషయములు మిక్కిలి స్వల్పములు. లెక్క చేయుచు ‘తప్పినచో నాయనగా రేమందురో’ యని కుందువానికి ఆ తలపే లెక్కకు వలసిన తావు నాక్రమించును. అట్టివానిని మందబుద్ధి యనుట అన్యాయము.

షికాగో విశ్వవిద్యాలయ పండితులు రామిరెజ్, బైలాక్ గారలు 2011లో ప్రకటించిన పరిశోధనయందు, పరీక్షకు ముందు 10 నిమిషములు తమ భయములను కాగితముపై వ్రాసికొనిన తొమ్మిదవ తరగతి పిల్లలు, అట్లు వ్రాయని భయస్థులకంటె నెక్కువ మార్కులు పొందిరి. వ్యయ మెంత? ఒక్క కాగితము!

మనమో, పరీక్షనాటి యుదయమున పొరుగింటి పిల్లవాని మార్కులు వల్లించుచున్నాము. కొంచెము భయ ముండవలె నందురు పెద్దలు, ఉండనిండు, కొంచెమే. ఈ వేదికపై పతకముల నిచ్చునపుడు తప్పినవారి తల్లిదండ్రులును మన యెదుటనే కూర్చుండియున్నారు.

దాతలను మేము వేడునది: వసతిగృహమున సెల్‌ఫోనులు చొరని పఠనశాల యొకటి, పిల్లల గోడు వినగల యుపాధ్యాయుడొకరు. తోడ్పడగోరువారు కార్యదర్శిగారికి నేటి సాయంకాలమే తెలుప ప్రార్థన.