లోహపు గిటారు: జాన్ డోప్యేరా స్మారకోపన్యాసం

ఈ సాయంత్రం మనం తలుచుకుంటున్న జాన్ డోప్యేరా వేదికల మీద పేరు తెచ్చుకున్నవారు కారు. ఇతరులు వాయించడానికి వాద్యాలు చేసిపెట్టినవారు. 1893లో స్లొవేకియా ప్రాంతంలో పుట్టారు. తండ్రి పిండిమర నడుపుతూ ఫిడేళ్లు తయారుచేసేవారు. 1908లో ఆ కుటుంబం కాలిఫోర్నియా చేరింది. 1920ల నాటికి లాస్ ఏంజెలెస్‌లో జాన్‌కు బాంజోలు చేసే, ఫిడేళ్లు బాగుచేసే దుకాణం ఉండేది.

ఆ రోజుల్లో గిటారుకు పెద్ద కష్టం వచ్చిపడింది. 1915లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన పెద్ద ప్రదర్శన తర్వాత అమెరికా అంతటా హవాయి సంగీతం మీద మోజు పెరిగింది. గిటారును ఒళ్లో పడుకోబెట్టి, తీగల మీద ఉక్కు కడ్డీని జరుపుతూ వాయించే పద్ధతి అది. గోటువాద్యం విన్నవారికి ఆ గమకం వెంటనే పట్టుబడుతుంది. కానీ బాకాలు, డ్రమ్ములు ఉన్న బృందంలో చెక్క గిటారు వినిపించేదే కాదు. మైకులు ఇంకా అన్ని వేదికలకూ రాలేదు. జార్జ్ బీచమ్ అనే వాద్యకారుడు గట్టిగా పలికే గిటారు కావాలని డోప్యేరా దగ్గరకు వచ్చాడు. ముందు గ్రామఫోను కొమ్ము తగిలించి చూశారు. కుదరలేదు.

డోప్యేరా అసలు ఆలోచన ఆ తర్వాత వచ్చింది. మామూలు గిటారులో తీగ కంపిస్తే పైచెక్క కంపించి పలుకుతుంది. ఆయన ఆ పని చెక్క నుంచి తీసేసి, లేతుమీద సాగదీసిన పలుచటి అల్యూమినియం కోనుకు అప్పగించారు. స్పీకరులో కాగితపు కోను చేసే పనే ఇక్కడ ఆ లోహపు కోను చేస్తుంది. దానికి కరెంటు అక్కర్లేదు. ఆరేసి అంగుళాల కోన్లు మూడు, వాటిని కలుపుతూ టీ ఆకారపు బ్రిడ్జి, చుట్టూ జర్మన్ సిల్వర్ ఒళ్లు. అదే ట్రైకోన్. తొలి నమూనాను హవాయి కళాకారుడు సోల్ హోఓపీ ఒక విందులో వాయించాడనీ, అది విన్న ఒక ధనికుడు అక్కడికక్కడే 12,500 డాలర్ల చెక్కు రాశాడనీ చెబుతారు. 1928 నాటికి నేషనల్ స్ట్రింగ్ ఇన్‌స్ట్రుమెంట్ కార్పొరేషన్ పేరుతో కర్మాగారం నడుస్తోంది. లోహపు ఒళ్లను అడాల్ఫ్ రికెన్‌బ్యాకర్ తయారుచేసి ఇచ్చేవాడు.

ఆ గిటార్ల మీద చెక్కడపు పని చూడదగ్గది. ఒకటో రకం సాదా. రెండోదాని మీద అడవి గులాబీలు, మూడోదాని మీద లిల్లీ ఆఫ్ ద వ్యాలీ పూలు, నాలుగోదాని నిండా చామంతులు. సేకరించేవారు ఎక్కువ ఆశపడేది ఈ చామంతుల గిటారుకే.

అయితే ఎక్కువమంది చేతికి అందింది అది కాదు. ఒకే పెద్ద కోనుతో, తక్కువ ఖర్చుతో గిటారు చేయవచ్చని బీచమ్ పట్టుబట్టాడు. డోప్యేరా మొగ్గు మూడు కోన్ల మృదువైన నాదం మీదే. ఒంటికోను పేటెంటు బీచమ్ పేరున నమోదయింది. ఆ ఆలోచన తనదేనన్న డోప్యేరాకు ఆ బాధ చివరిదాకా పోలేదు. ఆయన విడిగా వెళ్లి సోదరులతో డోబ్రో కంపెనీ పెట్టారు; అందులో కోనును తిరగేసి, గిన్నెలా అమర్చి, దానిపై సాలీడు కాళ్లలాంటి బ్రిడ్జి పెట్టారు. చెక్క ఒంటి డోబ్రో తర్వాత బ్లూగ్రాస్ సంగీతంలో స్థిరపడింది.

ఒంటికోను లోహపు గిటార్ల దారి వేరు. 1930లో వచ్చిన నేషనల్ డుయోలియన్‌ది ఉక్కు ఒళ్లు, మంచుపొరలా గరుకుగా కనిపించే రంగు, 32.50 డాలర్ల ధర. చామంతుల ట్రైకోన్ 195 డాలర్లు. ఈ తేడాలోనే బ్లూస్ చరిత్ర ఒక మలుపు తిరిగింది. అమెరికా దక్షిణాది రాష్ట్రాల నల్లజాతి గాయకులు వీధి మూలల్లో, నాట్యాల దగ్గర, మైకు లేకుండా పాడేవారు. ఆ గోల దాటి వినిపించే వాద్యం వారి జీవనాధారం. ట్రైకోన్ వాయించిన టాంపా రెడ్‌ను బంగారు గిటారువాడు అనేవారు. బుక్కా వైట్, సన్ హౌస్, బ్లైండ్ బాయ్ ఫుల్లర్ చేతుల్లో ఒంటికోను గిటారు గొంతు చించుకుని పలికింది. తయారీదారు రెండో మెట్టున నిలిపిన రకమే ఆయన పేరును ఎక్కువ దూరం మోసింది. డోప్యేరాకు అన్యాయం జరిగిందని ఒప్పుకుంటూనే, చవక గిటారు మీద బీచమ్ పట్టుదల సరైనదనీ చెప్పక తప్పదు.

ఆ బీచమే మరో పని చేశాడు. 1932లో రికెన్‌బ్యాకర్‌తో కలిసి అయస్కాంతం, తీగచుట్టతో పనిచేసే విద్యుత్ గిటారును మార్కెట్టుకు తెచ్చాడు. గట్టిగా పలకడమే కోను పని అయితే, ఆ పని అక్కడితో తీరిపోయింది. నేషనల్, డోబ్రో కలిసిపోయి 1936లో షికాగోకు తరలాయి. రెండో ప్రపంచయుద్ధం వచ్చి లోహం అటు మళ్లడంతో ఈ గిటార్ల తయారీ ఆగింది.

మన దేశానికీ ఈ కథలో చిన్న చోటుంది. సమోవాలో పుట్టి హవాయిలో పెరిగిన టావు మోయె కుటుంబంతో దేశాలు తిరుగుతూ, యుద్ధం నాటి 1940లలో కలకత్తాలో ఉన్నారు. హవాయి గిటారు అక్కడి విద్యార్థులకు చేరడంలో ఆయన పాత్ర ఉంది.

ఇక ఈ లోహపు గిటారు పునర్జన్మ. 1963లో జాన్ ఫాహీ, ఎడ్ డెన్సన్ అనే ఇద్దరు యువకులు బుక్కా వైట్ పాటలో వినిపించే ఊరి పేరు పట్టుకుని, అబర్డీన్, మిసిసిపీ చిరునామాకు ‘పాత బ్లూస్ గాయకుడు’ అని రాసి ఉత్తరం వేశారు. అది మెంఫిస్‌లో ఉన్న ఆయనను చేరింది. మరుసటి ఏడాది రాచెస్టర్‌లో సన్ హౌస్ దొరికారు. 1965లో కొలంబియా రికార్డు కంపెనీకి పాటలు రికార్డు చేశారు. ఆ 1960ల యువతరానికి గట్టి శబ్దం కోసం కోను అక్కర్లేదు, విద్యుత్ గిటారు ఉంది. వాళ్లు వెతుక్కున్నది కోను నాదాన్ని: మీటగానే ఎగసి, గరగరలాడుతూ త్వరగా ఆరిపోయే తీరును. 1985లో రాక్ బృందం డైర్ స్ట్రెయిట్స్ వారి ‘బ్రదర్స్ ఇన్ ఆర్మ్స్’ ఆల్బం అట్ట మీద, ఆ బృందపు గిటారిస్టు మార్క్ నాఫ్లర్ 1937 నాటి నేషనల్ ‘స్టైల్ ఓ’ గిటారు మెరిశాక, అంతవరకూ పేరు వినని ఇళ్లలోకీ ఆ లోహపు గిటారు బొమ్మ వెళ్లింది.

ఇప్పుడు పాత నేషనల్ కొనేవారు మెరుపు చూసి మోసపోకూడదు. ముందు మెడ వాలిందా చూడాలి. ఆపై కోను. అంత పలుచటి లోహం లావు తీగల బరువుకు దశాబ్దాల్లో కుంగుతుంది. కుంగితే గొంతు మూగబోతుంది. అందుకే 1989లో డాన్ యంగ్, మెక్‌గ్రెగర్ గెయిన్స్ కాలిఫోర్నియాలో నేషనల్ రెసొఫోనిక్ మొదలుపెట్టి, కోన్లను మళ్లీ తయారుచేయడం వాయించేవారికి పెద్ద మేలయింది. అద్దాల బీరువాలో ఉంచినవారికి కోను కుంగినా తెలియదు. వాయించేవారికి మర్నాడే తెలుస్తుంది. వాళ్లు పాత కోను తీసి భద్రపరుస్తారు, కొత్తది బిగిస్తారు, బ్రిడ్జి ఎత్తు సరిచూసుకుంటారు, తీగల మీద జరిపే స్లైడ్ గొట్టం వేలికి తొడుక్కుని మళ్లీ వాయిస్తారు.