నిద్రకు ముందు నిప్పును ఆర్పండి





రమజాన్ మాసం మన గుమ్మం ముందుకు వచ్చి నిలిచినది. ఉపవాస నియమాల గురించి, జకాత్ లెక్కల గురించి గడచిన శుక్రవారాలలో మాట్లాడుకున్నాము. ఈ రోజు వంటగదిలోకి ఒకసారి తొంగి చూద్దాము. వంట ముగిసిన పిమ్మట గ్యాస్ కట్టివేయడమన్న ఒక్క విషయమే ఈ ప్రసంగానికి అంశం. ఇంత చిన్న సంగతిని మింబరు మీదికి తేవడమేమిటని కొందరు పెద్దలకు అనిపించవచ్చును. అట్టివారికి మేము చెప్పదలచిన సమాధానం ఒకటే. దీనిని మింబరు ఎక్కించినది మేము కాము.

సహీహ్ బుఖారీలో అబూ మూసా అష్అరీ (రజియల్లాహు అన్హు) ఉల్లేఖనం ఒకటి ఉన్నది. మదీనాలో ఒక రాత్రి ఒక ఇల్లు అందులోని మనుషులతో సహా తగులబడిపోయినది. ఆ వార్త దైవప్రవక్త (స) చెవిన పడినప్పుడు ఆయన, నిప్పు మీకు శత్రువని, నిద్రించబోయే ముందు దానిని ఆర్పివేయమని ఆదేశించారు. జాబిర్ (రజి) ఉల్లేఖనంలో మరికొంత వివరం లభిస్తుంది. తలుపులు మూయండి, పాత్రలపై మూతలు పెట్టండి, దీపాలు ఆర్పండి, ఎలుక వత్తిని లాగుకొనిపోయి ఇంటిల్లిపాదినీ కాల్చివేయవచ్చునని ఆయన హెచ్చరించారు. ఇది ఊహ కాదు. ఇబ్నె అబ్బాస్ (రజి) చెప్పిన సంఘటన అబూ దావూద్ సంకలనంలో ఉన్నది. ఒక ఎలుక వెలుగుతున్న వత్తిని ఈడ్చుకొనివచ్చి ప్రవక్త (స) కూర్చున్న చాప మీదనే పడవేసినది. చాపలో దిర్హము నాణెమంత మేర కాలిపోయినది.

సోదరులారా, ఆకాశపు వార్తలను అందుకొనే ఆ మహనీయుడు వత్తిని గురించి, ఎలుకను గురించి, చాప మీది మచ్చను గురించి ఆలోచించారు. మనకు ఈనాడు నూనె దీపాలు లేవు. ఎలుక లాగుకొనిపోయే వత్తి లేదు. దాని స్థానంలో ఒక రబ్బరు గొట్టం, దాని చివర ఒక ఇనుప బండ ఉన్నవి.

ఆ బండ సంగతి కొంచెం తెలుసుకుందాము. మన ఇళ్లలోని ఎర్ర సిలిండరులో 14.2 కిలోల వాయువు ద్రవరూపంలో ఉంటుంది. ప్రొపేన్, బ్యూటేన్ అనే రెండు వాయువుల మిశ్రమమది. ఒక లీటరు ద్రవం బయటికి వచ్చి ఆవిరిగా మారితే సుమారు 250 లీటర్లంత చోటు ఆక్రమిస్తుంది. దానికి సహజంగా వాసన లేదు. మనకు తెలియాలన్న ఉద్దేశంతోనే మెర్కాప్టాన్ అనే దుర్గంధ పదార్థాన్ని కలుపుతారు. అన్నిటికంటె ముఖ్యమైన గుణం, అది గాలి కంటె బరువైనది. పొగవలె పైకి లేచి కిటికీలో నుండి వెళ్లిపోదు. నీటివలె నేల మీద పరచుకొని, గడప దాటి పక్క గదిలోకి పాకుతుంది, మంచం కింద, బీరువా కింద నిలిచిపోతుంది. గాలిలో నూటికి రెండు పాళ్లు కలిసిన చోట ఒక్క నిప్పురవ్వ పడినా చాలును.

ఇప్పుడు రమజాన్ రాత్రులను తలచుకోండి. తరావీహ్ ముగించుకొని మగవారు ఇల్లు చేరేసరికి ఆడవారు అలసి నిద్రపోయి ఉంటారు. ఒక కప్పు చాయ్ కోసమో, పిల్లవాని పాల కోసమో పొయ్యి వెలిగిస్తారు. సిమ్‌లో పెట్టి, ఫోను చూసుకుంటూ పక్క గదిలోకి వెళతారు. పాలు పొంగి మంట ఆరిపోతుంది, కాని వాయువు రావడం ఆగదు. లేదా ఫ్యాను గాలికి చిన్న మంట ఆరిపోతుంది. వచ్చి చూసినవాడు మంట లేదు గనుక పొయ్యి కట్టేసి ఉన్నదని అనుకొని గిన్నె దించుకొని వెళ్లిపోతాడు. తలుపులన్నీ మూసిన ఇల్లు. అందరూ నిద్రలో ఉన్నారు. దుర్వాసన లేపుతుందని నమ్మరాదు, గాఢనిద్రలో ఉన్నవాని ముక్కు కూడా నిద్రిస్తుంది. మూడున్నర గంటలకు సహరీ కోసం ఆ ఇంటి తల్లి లేస్తుంది. సగం నిద్రలో, జలుబు చేసిన ముక్కుతో, చీకటిలో వంటగదిలోకి నడచి, అలవాటుగా గోడ మీది స్విచ్చి వేస్తుంది.

ఆ స్విచ్చిలో పుట్టే మిణుకు మన కంటికి కనబడదు. వాయువుకు అది సరిపోతుంది.

కావున ఈ విషయంలో మొదటి బాధ్యత వంట చేసినవారిదని మేము అనము. ఇంట్లో చివరగా పడుకొనేవారిదని అంటాము. రమజాన్‌లో వారు చాలామటుకు పురుషులే. జీవితంలో ఒక్కసారైనా రెగ్యులేటర్ మీద చేయి వేయని మగవారు ఈ సఫ్ఫులలో ఎందరున్నారో వారికే తెలుసును. ఇంటి పనులలో ప్రవక్త (స) తమ కుటుంబానికి సాయపడేవారని ఆయిషా (రజి) తెలిపారు. ఇల్లు కాలిన తరువాత ఆమె గ్యాస్ మరచిపోయినదని ఇరుగుపొరుగుకు చెప్పడం సులభమే. ఈ దేశంలో ‘స్టవ్ పేలింది’ అన్న మాట చాటున ఎన్ని ఘోరాలు దాగినవో అది వేరే శుక్రవారానికి తగిన ప్రసంగం.

కట్టివేయడంలో ఒక వరుస ఉన్నది. వంట చివరి నిమిషంలో, పొయ్యి ఇంకా వెలుగుతుండగానే, ముందుగా సిలిండర్ మీది రెగ్యులేటర్ మీటను ఆపు గుర్తుకు తిప్పాలి. గొట్టంలో మిగిలిన కొద్దిపాటి వాయువు కాలి, మంట కొన్ని క్షణాలలో తనంతట తానే చల్లారుతుంది. ఆ పిమ్మట పొయ్యి మీటలను ఒక్కొక్కటిగా, చేత్తో తాకి, పూర్తిగా మూసివేయాలి. ఈ రెండవ పనిని విడిచిపెట్టేవారు ఎక్కువ. మంట ఆరిపోయినది గదా అని బర్నరు మీటను తెరిచే ఉంచి వెళతారు. సహరీ వేళ ఇంకొకరు వచ్చి రెగ్యులేటర్ తెరుస్తారు. వారు అగ్గిపుల్ల వెదుకుతుండగా తెరచి ఉన్న బర్నరు నుండి వాయువు వస్తూనే ఉంటుంది. రెండు చోట్లా మూయనిదే పొయ్యి మూసినట్లు కాదు.

మరి మరపుకు ఏమి మందు? మరచిపోయి తిన్నవాని ఉపవాసం చెల్లుతుందని మనకు తెలుసు. మరచినవానికి తినిపించినవాడు అల్లాహ్ అని ప్రవక్త (స) బోధించారు. ఎంత కరుణ! అయితే సోదరులారా, మరపును మన్నించే గుణం అల్లాహ్‌ది, గ్యాస్ బండది కాదు. దీనికి ఉపాయం కూడా ఆ జాబిర్ (రజి) ఉల్లేఖనంలోనే ఉన్నది. తలుపు మూసేటప్పుడు అల్లాహ్ పేరు పలకండి, దీపం ఆర్పేటప్పుడు అల్లాహ్ పేరు పలకండి, పాత్ర కప్పేటప్పుడూ పలకండి అని ప్రతి పనికీ విడివిడిగా చెప్పబడినది. ఇందులోని పుణ్యం పుణ్యమే. దానికి తోడు ఒక లోకానుభవం కూడా ఉన్నది. మౌనంగా చేసిన పని చేశామో లేదో పడక మీద గుర్తుకు రాదు. నోటితో బిస్మిల్లాహ్ అని పైకి పలికి చేసిన పని గుర్తుంటుంది. రెగ్యులేటర్ తిప్పుతూ ఒకసారి, బర్నరు మీటలు తాకుతూ ఒకసారి పలకండి. ఇంట్లో పిల్లలు వింటారు. పది రోజులలో వారే, అబ్బా, బిస్మిల్లాహ్ వినబడలేదే అని అడుగుతారు.

తవక్కుల్ పేరిట నిర్లక్ష్యాన్ని సమర్థించుకొనేవారు మన మధ్య లేకపోలేదు. వ్రాసి ఉన్నది జరుగుతుందని వారంటారు. ఒంటెను కట్టివేసి ఆపై అల్లాహ్‌పై భారం వేయమని ప్రవక్త (స) ఒక వ్యక్తికి ఉపదేశించిన సంగతి తిర్మిజీలో ఉన్నది. చేజేతులా వినాశంలో పడరాదని బఖరా సూరా ఆజ్ఞాపిస్తున్నది. పైగా ఇది మన ఒక్కరి ప్రాణంతో పోయేది కాదు. పాతబస్తీ గల్లీలలోనైనా, గుంటూరు, కర్నూలు పేటలలోనైనా రెండు ఇళ్లకు నడుమ ఒకే గోడ. మన వంటగది పేలితే అవతలి ఇంటి ఉయ్యాల మీద ఆ గోడ కూలుతుంది. పొరుగువాడు ఎవని కీడు నుండి నిశ్చింతగా లేడో వాని విశ్వాసాన్ని ప్రవక్త (స) ఎంత తీవ్రంగా ప్రశ్నించారో మీరెరుగుదురు. ఆ పొరుగువాడు ఏ మతస్థుడన్న ప్రశ్న అక్కడ లేదు.

ఇక మన మస్జిద్ సంగతి. ఇఫ్తార్ కోసం, హలీమ్ కోసం 19 కిలోల వాణిజ్య సిలిండర్లు, పెద్ద బర్నర్లు తెస్తాము. హలీమ్ గంటల తరబడి ఉడుకుతుంది. పదిమంది కలిసి వండే చోట కట్టేసే మనిషి ఎవరూ ఉండరు. ఎవరో ఒకరు కట్టేసి ఉంటారులే అని ప్రతి ఒక్కరూ అనుకుంటారు. మగ్రిబ్ అజాన్ వినగానే ఖర్జూరం కోసం అందరూ ఒక్కసారిగా లేస్తారు, పొయ్యి ఒంటరిదవుతుంది. కావున ఈ ఏడు కమిటీ వారు ప్రతి రోజుకూ ఒక్క మనిషి పేరు పలక మీద వ్రాయాలని మేము కోరుచున్నాము. పొయ్యి కట్టనిదే ఆయన ఇఫ్తార్‌కు కూర్చోరాదు. ఆయన కోసం ఖర్జూరాన్ని అక్కడికే తీసుకొనిపోయి ఇవ్వండి.

గల్ఫ్ దేశాలలో, అమెరికాలో ఉన్న మన పిల్లలకు ఫోనులో ఒక మాట చెప్పండి. వారు సెలవు దినాలలో, పండుగలలో పెరట్లో గ్యాస్ గ్రిల్లు మీద కబాబులు కాలుస్తారు. పగటి వెలుతురులో దాని నీలి మంట కంటికి ఆనదు. మూత దించితే అసలే కనబడదు. మాంసం తీసిన ఆనందంలో అందరూ పళ్లెముల వైపు నడుస్తారు. అక్కడా ఇదే నియమం, సిలిండర్ మూయాలి, మీటలన్నీ మూయాలి. మరుసటిసారి వెలిగించేటప్పుడు మూత తెరిచిన తరువాతనే వెలిగించాలి, లేకున్న మూత కింద చేరిన వాయువు ముఖం మీదికి ఎగయును. వర్షమో చలియో వచ్చినదని దానిని గదిలోకి లాగరాదు. మూసిన గదిలో దాని నుండి వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. బొగ్గుల కుంపటి విషయంలోనూ అంతే.

ఒకవేళ సహరీకి లేవగానే వాసన వచ్చినచో ఏమి చేయవలెను? దీపం వేయవద్దు. వెలుగుతున్న దీపాన్ని ఆర్పనూ వద్దు, స్విచ్చి ఎటు నొక్కినా మిణుకు పుడుతుంది. ఎగ్జాస్ట్ ఫ్యాను వద్దు. చీకటిలోనే తలుపులు, కిటికీలు తెరిచి, రెగ్యులేటర్ కట్టివేసి, పిల్లలను, వృద్ధులను బయటికి నడిపించండి. ఫ్రిజ్ తనంతట తానే ఆగి నడుస్తుంది గనుక లోపల నిలబడి ఆలోచించే సమయం కాదది. ఫోను కూడా వీధిలోకి వచ్చిన పిమ్మటనే. గ్యాస్ లీకేజీకి దేశమంతటా 1906 నంబరు ఉన్నది, మంటలు లేస్తే 101 గాని 112 గాని. ఎక్కడ కారుతున్నదో చూడడానికి అగ్గిపుల్ల గీసే పెద్దమనుషులు ఇంకా ఉన్నారు. సబ్బునీరు రాసి బుడగలు చూడడమొక్కటే సరియైన పద్ధతి. ఆ పనిని కూడా గాలి ఆడిన తరువాతనే చేయాలి.

1999లో దీపం పథకం వచ్చిన నాడు కట్టెల పొగ నుండి విముక్తి పొందిన తల్లులు ఈ జమాఅత్‌లోనూ ఉన్నారు. ఆ నాటి గొట్టం నేటికీ వాడుతున్న ఇల్లు ఉండకూడదు. రబ్బరు గొట్టాన్ని అయిదేళ్లకు ఒకసారి మార్చాలి. బండ తీసుకొనేటప్పుడు పిడి కింది పట్టీ లోపలి వైపు ఒక అక్షరం, రెండు అంకెలు ఉంటాయి చూడండి. ఏ అంటే జనవరి మొదలు మార్చి వరకు, బి, సి, డి తరువాతి మూడేసి నెలలు, అంకెలు సంవత్సరం. ఆ గడువు దాటిన బండను గుమ్మం దగ్గరే తిప్పి పంపండి, సిగ్గుపడవద్దు.

నమాజు ముగిసిన పిమ్మట వుజూఖానా పక్కనున్న వరండాలో ఖాళీ సిలిండర్, రెగ్యులేటర్, పొయ్యి ఒకటి పెట్టించాము. గ్యాస్ పని తెలిసిన మన జమాఅత్ సోదరుడొకరు అక్కడ ఉంటారు. ఇంటిలో ఎన్నడూ రెగ్యులేటర్ తిప్పని పురుషులు ముందుగా వరుసలో నిలబడండి. స్త్రీలకు అసర్ తరువాత అదే చోట చూపబడును.